కూర్చోనివ్వని మాత్ర

నేను భీమవరంలో ఒక నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. రొయ్యల రైతులు పొద్దున్నే చెరువు నీళ్లు సీసాల్లో పట్టుకొస్తారు. ఆ నీళ్లలో ఏముందో చూసి కాగితం మీద రాసివ్వడం మా పని. మూత ఉన్న చిన్న పళ్లేల్లో ఆ నీటి చుక్క వేసి ఉంచితే మర్నాటికి అందులో రంగు చుక్కలు మొలుస్తాయి. పసుపు చుక్కలుంటే రైతు అంతగా కంగారుపడడు. ఆకుపచ్చవి రొయ్యకి జబ్బు తెచ్చేవి, అవి కనిపిస్తే మాత్రం మొహం మారిపోతుంది. వాటిని లెక్కపెట్టేది నేనే. స్టూలు మీద కదలకుండా కూర్చోవాలి, చూపు చెదరకూడదు. పదకొండేళ్లుగా అదే చేస్తున్నాను.

భయం జబ్బు నాకు బస్సులో మొదలైంది. పాలకొల్లు నుంచి వస్తున్నాను. ఏమీ జరగలేదు. కిటికీ పక్కన కూర్చుని ఉండగానే గుండె దడదడలాడింది, చేతులు చల్లబడిపోయాయి, చచ్చిపోతున్నానని అనిపించింది. బస్సు ఆపించి, ఎవరో ఇద్దరు ఆడవాళ్లు నన్ను దింపి సోడా తాగించారు. గుండె డాక్టరు పరీక్షలన్నీ చేసి గుండెలో లోపం లేదన్నారు. కానీ అది మళ్లీ వచ్చింది. ల్యాబ్‌లో ఒకసారి, పొయ్యి దగ్గర ఒకసారి, మా పాప బళ్లో తల్లిదండ్రుల మీటింగులో ఒకసారి. తర్వాత్తర్వాత అది ఎప్పుడొస్తుందోనన్న భయం దాన్ని మించిపోయింది. చీటికీమాటికీ ఏడ్చేదాన్ని. ఒంటరిగా స్నానానికి వెళ్లాలన్నా మా అత్తయ్యను తలుపు బయట నిలబడమనేదాన్ని.

మనసు డాక్టరుకి చూపించమని గుండె డాక్టరే చెప్పారు. మా ఆయన చేపల మేత కంపెనీలో పనిచేస్తారు. ఊళ్లో సగం మంది ఆయనకు తెలిసినవాళ్లే. అందుకని భీమవరంలో వద్దు, రాజమండ్రి వెళ్దామన్నారు. పక్కింటివాళ్లకు అన్నవరం వెళ్తున్నామని చెప్పారు. తిరిగొచ్చిన మర్నాడు పక్కింటావిడ గోడ మీంచి ప్రసాదం అడిగితే, దార్లోనే అయిపోయిందని నేనే అబద్ధం ఆడాల్సి వచ్చింది. దేవుడి పేరు పెట్టి అబద్ధం ఎందుకని మా అత్తయ్య రెండు రోజులు కొడుకుతో సరిగ్గా మాట్లాడలేదు.

డాక్టరు గారు అరవై దాటిన మనిషి. నెమ్మదిగా మాట్లాడతారు. హాలు నిండా జనం. లోపలి గదిలోకి ముగ్గురిని ఒకేసారి పంపించేవారు. ఒకరు డాక్టరు గారి ఎదురుగా కుర్చీలో, మిగతావాళ్లు వెనకాల బల్ల మీద. ముందువాళ్ల కథ వెనకవాళ్లకు వినబడుతూనే ఉంటుంది. బస్సు సంగతి నేను చెప్పాను, మిగతాదంతా మా ఆయన చెప్పారు. అంతా విని డాక్టరు గారు, ఇది కూడా జబ్బేనమ్మా, మీ తప్పేం లేదు, మందుతో తగ్గుతుంది అన్నారు. ఆ ఒక్క మాటకి నాకు దుఃఖం ఆగలేదు. అన్ని నెలలుగా నా తప్పేనని లోపల అనుకుంటూ ఉన్నాను మరి.

ఆ మాత్ర భయాన్ని తీసేసిన మాట నిజం. మొదటి వారం కడుపులో తిప్పింది. మూడో వారానికల్లా గుండె దడ పోయింది. పాలకొల్లు బస్సు ఎక్కి వెళ్లి వచ్చాను. తలుపు బయట అత్తయ్య అక్కర్లేకపోయింది. ఏడుపులు లేవు, మాటామాటా లేదు. మనిషి మామూలైపోయిందని మా ఆయన వాళ్ల అక్కకి ఫోన్లో చెబుతుంటే విన్నాను. ఆయన గొంతులో అంత తేలిక చాలాకాలం తర్వాత విన్నాను.

దాని చెడు మొదట కాళ్లలో తెలిసింది. స్టూలు మీద కూర్చున్న అయిదు నిమిషాలకే మోకాళ్ల లోపల ఏదో మెలిపెట్టేది. నొప్పి కాదు, తిమ్మిరి కాదు. లేచి నడిస్తేనే గానీ ఊపిరాడనట్టు ఉండేది. నడిస్తే పోతుందా అంటే అదీ లేదు, కాస్త ఓర్చుకోగలిగేదాన్ని, అంతే. ల్యాబ్‌లో సాకులు వెతుక్కున్నాను. కడిగిన సీసాలే మళ్లీ కడిగాను. ఇంట్లో నిలబడే అన్నం తిన్నాను. టీవీ ముందు అందరూ కూర్చుంటే గుమ్మానికీ వంటింటికీ మధ్య తిరిగేదాన్ని. తెలియకుండానే పళ్లు బిగపట్టేదాన్ని, పొద్దున్న లేచేసరికి దవడలు పట్టేసి ఉండేవి. ఫ్యాను కింద కూడా వీపు మీద చెమట కారేది.

రెండోది చెప్పడం కష్టం. ఏదీ నా మనసుకి తగలడం మానేసింది. మా పాపకి తొమ్మిదేళ్లు. ఒక ఆదివారం కాలవగట్టు మీద సైకిలు తొక్కుతూ పడి గడ్డం చీల్చుకుంది. మా అత్తయ్య కేకలు పెట్టారు. నేను వెళ్లి పాపని లేపి, చీర కొంగు అదిమిపెట్టి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. అయిదు కుట్లు పడ్డాయి. అది నా చెయ్యి గట్టిగా పట్టుకుని అరుస్తోంది. నేను ఆ తెగిన చోటును ల్యాబ్‌లో పళ్లెం చూసినట్టు చూస్తున్నాను. లోపల ఒక్క అలికిడి లేదు. కుట్లు వేసిన డాక్టరమ్మ, ఇంత ధైర్యమున్న తల్లిని చూడలేదండి అంది. ఆ సాయంత్రం పాప వాళ్ల నానమ్మతో, "అమ్మకి నేనంటే కోపమేమో, నా వంక అలా చూసింది" అని చెబుతుంటే వంటింట్లోంచి విన్నాను. వెళ్లి దాన్ని దగ్గరకు తీసుకోవాలని తెలుసు. వెళ్లి తీసుకున్నాను కూడా. తెలిసి చేశాను, అంతే.

మూడోది భార్యాభర్తల మధ్య సంగతి. నాకు ఆ ధ్యాసే పోయింది. మా ఆయన ఒకటి రెండుసార్లు చిన్నబుచ్చుకుని ఊరుకున్నారు.

రెండోసారి రాజమండ్రి వెళ్లేముందు ఇవన్నీ ల్యాబ్ కాగితం వెనకాల వరసగా రాసుకున్నాను. రైల్లో కొవ్వూరు దాటి వంతెన ఎక్కేదాకా మనసులో చదువుకుంటూ ఉన్నాను. గదిలోకి వెళ్లేసరికి వెనక బల్ల మీద ఒక కుర్రాడు, వాళ్ల నాన్న, ఒక ముసలావిడ కూర్చుని ఉన్నారు. భయం ఎలా ఉందమ్మా అని డాక్టరు గారు అడిగారు. మా ఆయన, "చాలా బాగుందండి. అసలు ఏడవడమే లేదు" అన్నారు. ఆయన ఎంత సంబరంగా అన్నారంటే, కాదనడానికి నాకు నోరు రాలేదు. కాళ్లు ఒకచోట నిలవట్లేదండి, నిద్ర కూడా సరిగ్గా లేదు అని మాత్రం అన్నాను. ఇంకా కొంచెం ఆందోళన మిగిలి ఉందమ్మా, మొదట్లో ఇలాగే ఉంటుంది, సర్దుకుంటుంది అని డాక్టరు గారు మాత్ర బలం పెంచి రాశారు. అంతా రెండు నిమిషాల్లో అయిపోయింది. కాగితం హ్యాండ్‌బ్యాగు లోంచి బయటికి రానేలేదు.

పెంచిన మాత్ర నన్ను మరీ పరుగెత్తించింది. సాయంత్రం ల్యాబ్ కాగానే ఇంటికి పోకుండా కాలవగట్టు వెంట నడిచేదాన్ని. కాళ్లు పొక్కినా ఆగేదాన్ని కాదు. ఒకరోజు అలా నడుస్తూ నడుస్తూ నీళ్ల వంక చూశాను. అప్పుడు నాకొచ్చిన ఆలోచన ఎవరికీ చెప్పలేదు.

ఆ వారమే ల్యాబ్‌లో తప్పు చేశాను. చుక్కలు సగం లెక్కపెట్టి లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచి, ఒక రైతు కాగితంలో ఆకుపచ్చ ఉన్నచోట సున్నా వేశాను. ఆయన పెద్దాయన, పదేళ్ల నుంచీ మా దగ్గరికే వస్తారు. మర్నాడు మళ్లీ సీసాతో వచ్చి, పక్కన ఎవరూ లేకుండా చూసి అడిగారు.

"మేడం గారండి, ఏమీ అనుకోకండి. కాగితంలో ఏమీ లేదని ఉందండి. రొయ్య చూస్తే అలా లేదండి. ఇంకొక్కసారి చూస్తారేంటి?"

పాత పళ్లెం మళ్లీ తీసి చూస్తే నిండా ఆకుపచ్చే. ఆయన చెరువు అప్పటికింకా చెయ్యి దాటిపోలేదు గనక సరిపోయింది. ఒక్క మాట అనలేదాయన. అందుకే ఇంకా సిగ్గుపడ్డాను. ఆ రోజు నుంచే మాత్ర మానేశాను. ఎవరికీ చెప్పలేదు. రోజూ ఒకటి అట్టలోంచి తీసి కొంగులో ముడేసుకుని, పెరట్లోకి వెళ్లి పారేసేదాన్ని.

నాలుగో రోజు నుంచి తల తిప్పితే చాలు, లోపల కరెంటు షాకు కొట్టినట్టు జిల్లుమనేది. నేల ఊగేది. కాళ్ల తిప్పలు కాస్త తగ్గాయి గానీ పోలేదు. పోయిందనుకున్న భయం రెండింతలై వచ్చింది. చిన్నమాటకి పాపని కసిరాను. ల్యాబ్‌లో గాజు సీసా చేతిలోంచి జారి పగిలింది. మా ఆయన మేత బస్తాల పని మీద కైకలూరు వైపు తిరుగుతున్నారు, ఇంటికి వచ్చి పడుకోవడం, వెళ్లడం. ఆయన కనిపెట్టలేదు. కనిపెట్టింది మా అత్తయ్య. పెరట్లో తులసి కోట దగ్గర ఊడుస్తుంటే ఆవిడకి రెండు మాత్రలు దొరికాయి.

ఆవిడ నన్ను నిలదీయలేదు. మధ్యాహ్నం పాప బడికి వెళ్లాక బీరకాయలు ముందేసుకుని కూర్చుని, నన్ను పిలిచి, మాత్రలు రెండూ చాట అంచున పెట్టారు.

"ఎందుకు మానేసేవమ్మా?"

నిలబడే చెప్పాను. కాళ్లు, దవడలు, చెమట, పాప గడ్డం తెగిన రోజు, పెద్దాయన కాగితం. ఆవిడ తొక్క తీయడం ఆపి విన్నారు. తర్వాత తన సంగతి చెప్పారు. కళ్లు తిరుగుడుకని ఎవరో రాసిచ్చిన మాత్ర ఆవిడ ఏడేళ్లు వేసుకున్నారట. అది వేసుకున్నన్నాళ్లూ నోరు చేదుగా ఉండి ఏం తిన్నా రుచి తెలిసేది కాదట.

"డాక్టరు గారికి చెప్పలేదా అత్తయ్యా?"

"చెప్పొచ్చని నాకు తెలీదమ్మా. మందన్నాక అంతేగావాలనుకున్నాను."

తర్వాత ఆవిడే అన్నారు, వాడికి తర్వాత చెబుదాం, ముందు మనం వెళ్లొద్దాం అని. ఆ గురువారం పాపని పక్కింట్లో దింపి, ఇద్దరం రైలెక్కాం. ఈసారి పక్కింటావిడకి డాక్టరు దగ్గరికనే చెప్పారు మా అత్తయ్య. ఏ డాక్టరని ఆవిడ అడగలేదు.

హాల్లో కాంపౌండరు దగ్గరికి వెళ్లి, మా కోడలు డాక్టరు గారితో ఒక్కత్తే మాట్లాడాలండి, ఎంతసేపైనా ఉంటాం, ఆఖర్ని పిలవండి అని చెప్పి వచ్చారు. పదకొండు నుంచి రెండున్నర దాకా ఉన్నాం. నేను కూర్చోలేక వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతున్నాను. అందరూ చూస్తున్నారు. మా అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. కాసేపు చూసి, చెప్పులు వేసుకుని వచ్చి నా పక్కన తనూ నడవడం మొదలుపెట్టారు. ఇద్దరు నడుస్తుంటే జనం చూడడం తగ్గించారు.

గదిలోకి పిలిచేసరికి వెనక బల్ల ఖాళీగా ఉంది. నేను రమ్మంటే మా అత్తయ్య కూడా వచ్చి దాని మీద కూర్చున్నారు. డాక్టరు గారు అలిసిపోయి ఉన్నారు, భోజనం కూడా చేసినట్టు లేరు.

"మాత్రలు వాడుతున్నారా అమ్మా?"

"మానేశానండి. పన్నెండు రోజులైంది."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఒక్కసారిగా ఆపకూడదని చెప్పానా లేదా?"

"చెప్పలేదండి."

ఆ మాట నేనే అన్నానా అని నాకే అనిపించింది. ఆయన నా ఫైలు తీసి రెండు కాగితాలు తిప్పారు. అందులో ఏదో రాసి ఉంటుందని వెతికినట్టు చూసి, మూసేశారు.

"సరే. ఎందుకు మానేశారో చెప్పండి."

కాగితం బయటికి తీశాను. మడతల దగ్గర చిరిగిపోయింది. బల్ల మీద పరిచి చదివాను. కాళ్లు ఒకచోట నిలవవు అని మొదటి మాట చదవగానే ఆయన ఆపారు.

"కూర్చోవాలని అనిపించదా, కూర్చోలేరా?"

"కూర్చోవాలనే ఉంటుందండి. అది కూర్చోనివ్వదు."

"మాత్ర పెంచాక తగ్గిందా, పెరిగిందా?"

"పెరిగిందండి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. ఇది మీ ఆందోళన కాదమ్మా, మాత్ర చేసిన పని అన్నారు. "పోయినసారి కాళ్లని మీరన్నారు. నేను దాన్ని కూడా భయం లెక్కలోనే వేసుకున్నాను. ఇంకో రెండు ప్రశ్నలు అడగాల్సింది."

నాకు కోపం వచ్చింది. తప్పు ఒప్పుకున్నందుకు గౌరవం కలగాలి గానీ, ముందు కోపమే వచ్చింది. నెలన్నరపాటు నేను నడిచిన గట్టంతా గుర్తొచ్చింది. కాగితంలో మిగిలింది చదివాను. చివరి వాక్యం దగ్గర ఆగి మా అత్తయ్య వంక చూశాను. ఆవిడ, మంచినీళ్లు తాగొస్తాను అని లేచి వెళ్లి, తలుపు దగ్గరగా వేశారు. అప్పుడు మా ఆయనకీ నాకూ మధ్య సంగతి చెప్పాను. తల ఎత్తలేదు. డాక్టరు గారు దాన్ని కూడా చెమటను రాసుకున్నట్టే రాసుకున్నారు. ఇది చాలామందికి ఉంటుందమ్మా, ఎవరూ చెప్పరు, మేమూ అడగం అన్నారు.

తర్వాత కలం పక్కన పెట్టి, గొంతు తగ్గించి అడిగారు. "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?"

అది నేను రాసుకోలేదు. కాలవ సంగతి కాగితం మీద పెట్టడానికి కూడా భయపడ్డాను.

"చావాలని కాదండి. కాలవగట్టు మీద నడుస్తుంటే, ఇందులో దిగితే ఈ కాళ్లు ఆగుతాయి కదా అనిపించింది. ఒక్కసారేనండి."

"మంచిపని చేశారు, చెప్పి."

ఇది ఇంట్లో ఒకరికైనా తెలియాలి, మీ అత్తగారికి చెప్పనా అని అడిగారు. తలూపాను. ఆవిడ లోపలికి వచ్చాక, కొన్నాళ్లు అమ్మాయిని ఒంటరిగా వదలకండి, గట్టు మీదికి నడకకి వెళ్తే మీరూ వెళ్లండి అని చెప్పారు. ఆవిడకి అర్థమైంది. నా భుజం మీద చెయ్యి వేసి, మళ్లీ తీయలేదు. పాత మాత్ర పూర్తిగా తీసేసి వేరేది బాగా తక్కువలో మొదలుపెట్టారు డాక్టరు గారు. కాళ్లకి కొన్నాళ్లపాటు ఇంకో చిన్న మాత్ర. దేనికేది, అది ఒంటికి ఏం చేయొచ్చు, ఎప్పుడు ఫోను చెయ్యాలి అన్నీ చీటీ వెనక తెలుగులో రాసిచ్చి, వారంలో రమ్మన్నారు. మేం బయటికి వచ్చేసరికి మూడున్నర.

అక్కడితో బాగైపోయిందని చెప్పలేను. ఆ నెల మహా చెడ్డగా గడిచింది. రెండుసార్లు నిడదవోలు స్టేషన్లో భయం పట్టుకుని రైలు వదిలేశాం. కొత్త మాత్రకి మత్తుగా ఉండేది, ఒళ్లు వచ్చింది, జాకెట్లన్నీ విప్పి కుట్టించాల్సి వచ్చింది. ఈసారి ప్రతిదీ వెళ్లి చెప్పాను. కొన్నిటికి ఆయన మందు మార్చారు, కొన్నిటికి ఓర్చుకోగలరా అని అడిగారు. మూడో వారంలో ఒక పొద్దున్న ల్యాబ్‌లో పళ్లేలన్నీ అయిపోయాక చూస్తే, పక్కన పెట్టిన టీ చల్లారిపోయి ఉంది. అంతసేపూ నేను లేవలేదు.

మా ఆయనకి మా అత్తయ్యే చెప్పారు. నాకెందుకు చెప్పలేదని ఆయన బాధపడ్డారు. "చెప్తే బాగానే ఉందిగా అంటావని" అన్నారావిడ. చాలారోజుల తర్వాత ఆయన నాతో, "ఇల్లు ప్రశాంతంగా ఉంటే నీకు నయమైందనుకున్నాను" అన్నారు. అది నిజమే. ఇప్పుడు నేను మళ్లీ ఏడుస్తాను, విసుక్కుంటాను, ఎదురు చెబుతాను. ఆ నిశ్శబ్దపు రోజులే నయమని ఆయనకి లోపల ఎక్కడైనా ఉందేమో నాకు తెలియదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

మొన్న వానల్లో ఆకుపచ్చ చుక్కలు చాలా చెరువుల్లో వచ్చాయి. ఆ పెద్దాయన చెరువు కూడా పోయింది. ఆయన వచ్చి, ఇంకేం చూస్తారులెండి, ఊరికే చెప్పిపోదామని వచ్చానండి అని బల్ల ముందు కూర్చున్నారు. నాకు కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. ఆయనే కంగారుపడి నన్ను ఊరుకోబెట్టారు. ల్యాబ్‌లో మిగతావాళ్లు వింతగా చూశారు. నాకు సిగ్గుగానూ ఉంది, ఎందుకో కొంచెం బాగానూ ఉంది.

ఇప్పుడు రెండు నెలలకోసారి వెళ్తున్నాను. భయం అప్పుడప్పుడు వస్తుంది, కాసేపు ఉండి పోతుంది. పాప గడ్డం మీద మచ్చ మిగిలింది. ఆ రోజు నాకేమైందో దానికి అర్థమయ్యేలా చెప్పాలని రెండుసార్లు మొదలుపెట్టాను, కుదరలేదు. ఇంకా పెద్దయ్యాక చెప్పాలి. పోయిన నెల డాక్టరు గారు, మాత్ర కొంచెం తగ్గించి చూద్దామా అని అడిగారు. ఇంకొన్నాళ్లు ఆగుదామండి అన్నాను. సరే అన్నారు.